ముందు మెషీను, తర్వాతే బోర్డు: పాత హోమ్ కంప్యూటర్ల కోసం ఎఫ్‌పీజీఏ కొనేవాళ్ళకి

"పాత కంప్యూటర్లు నడిపే ఎఫ్‌పీజీఏ బోర్డు కొందామనుకుంటున్నాను, ఏది తీసుకోమంటారు?" అని అడిగినవాళ్ళని (ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకోగలిగే చిప్పు) నేను ఎదురు ఒకటి అడుగుతాను: మీరు నడపాలనుకుంటున్నది ఏ కంప్యూటరు? చాలామంది అక్కడే ఆగిపోతారు. యూట్యూబ్‌లో ఎవరో ఇంగ్లండు ఆయన కమొడోర్ 64 ముందు కూర్చుని చిన్ననాటి కబుర్లు చెబుతుంటే మనకీ ముచ్చటేస్తుంది. కానీ ఆ కమొడోర్ మన విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఎవరింట్లో ఉండేది చెప్పండి?

మనవాళ్ళు చూసినవి వేరు. 1984లో కేంద్రం 'క్లాస్' అనే పథకం పెట్టి కొన్ని బడులకి కంప్యూటర్లు ఇచ్చింది. అవి బీబీసీ మైక్రోలు. వాటి మీద బేసిక్ నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు యాభై దాటిన పెద్దమనుషులు. పుణెలో డెసిబెల్స్ అనే కంపెనీ సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌ని 'డీబీ స్పెక్ట్రమ్' పేరుతో అమ్మింది, అదీ పెద్ద ఊళ్ళలోనే. తొంభైల్లో మన వీధుల్లోకి వచ్చింది టీవీకి తగిలించే వీడియో గేమ్, దానికో పసుప్పచ్చ క్యాసెట్టు. ఆ తర్వాత కంప్యూటర్ సెంటర్లు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్ళి, సారు చూడనప్పుడు డాస్ మీద గేములాడిన తరం మాది. అంటే మనలో ఎక్కువమందికి 'పాత కంప్యూటర్' అంటే 386, 486 పీసీయే. ఈ సంగతి ముందే తేల్చుకుంటే సగం డబ్బులు మిగులుతాయి. ఎందుకంటే, స్పెక్ట్రమ్ నడపడానికి చిన్న బోర్డు సరిపోతుంది, 486కి సరిపోదు.

అసలు ఎఫ్‌పీజీఏ ఎందుకు, ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అదే పాత మెషీనుని అనుకరించే ప్రోగ్రామ్, చాలదా అంటే, చాలామందికి చాలు. వైస్, ఫ్యూజ్, డాస్‌బాక్స్, ఇవన్నీ ఉచితం. ఈ సాయంత్రమే దించుకుని ఆడుకోవచ్చు. తేడా ఎక్కడంటే, ఎమ్యులేటర్‌ది ఏకపాత్రాభినయం. ప్రాసెసర్ వేషం కాసేపు, వీడియో చిప్పు వేషం కాసేపు, సౌండ్ చిప్పు వేషం కాసేపు, అన్నీ ఒకే ప్రోగ్రామ్ వంతులవారీగా కట్టి మనకి చూపిస్తుంది. ఎఫ్‌పీజీఏలో నాటక సమాజం మొత్తం ఒకేసారి స్టేజీ మీద ఉంటుంది. 6510 ప్రాసెసరూ, విక్-2 వీడియో చిప్పూ, సిడ్ సౌండ్ చిప్పూ ఒకే క్లాక్ దెబ్బకి ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. అందుకే మీట నొక్కినదానికీ తెర మీద కదిలినదానికీ మధ్య ఆలస్యం బాగా తక్కువ. ఎమ్యులేటర్‌లో ఆ మీట ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరాలి, ఎమ్యులేటర్ తన ఫ్రేము పూర్తి చెయ్యాలి, గ్రాఫిక్స్ డ్రైవరు దాన్ని వరసలో పెట్టాలి, అప్పుడు గానీ తెర మీదికి రాదు.

అలాగని ఎఫ్‌పీజీఏ అనగానే అచ్చం అసలు మెషీనే అనుకోకండి. ఆ పాత చిప్పు లోపల ఏం జరిగేదో కోర్ (ఎఫ్‌పీజీఏని ఫలానా మెషీనుగా మార్చే డిజైను) రాసినవాళ్ళకి ఎంతవరకు అంతుపట్టిందో అంతవరకే అది నిజం. తప్పుగా అర్థం చేసుకుంటే తప్పునే సర్క్యూట్‌గా కడతారు. ఇంకో పక్క, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద లినక్స్ లేకుండా నేరుగా నడిచే బీఎంసీ64 లాంటి ఎమ్యులేటర్ ఆలస్యాన్ని చాలా తగ్గించి, స్క్రోలింగ్ కూడా నున్నగా చూపిస్తుంది. ఇంట్లో పాత పై 3 పడుంటే, మీకు కావాల్సింది కమొడోర్ ఒక్కటే అయితే, ఇంకేమీ కొనకండి. డాస్ గేముల ముచ్చట మాత్రమే ఉన్నవాళ్ళకీ ఇదే నా మాట: డాస్‌బాక్స్‌తో ఓ నెల గడపండి. ఆ నెలలోనే మోజు తీరిపోయేవాళ్ళు తక్కువేమీ కాదు.

నెల గడిచాకా మనసు అటే లాగుతోందంటే, అప్పుడు బోర్డుల సంగతి చూద్దాం.

ట్యాంగ్ నానో 20కే

సిపీడ్ కంపెనీ చేసే ఈ బోర్డు రెండు వేళ్ళంత ఉంటుంది. లోపల గోవిన్ కంపెనీ ఎఫ్‌పీజీఏ, దాదాపు 20 వేల లుక్‌అప్ టేబుళ్ళు (సర్క్యూట్ కట్టడానికి వాడే చిన్న ఇటుకలు), చిప్పులోనే 64 మెగాబిట్ల, అంటే 8 మెగాబైట్ల ఎస్‌డీర్యామ్ మెమరీ. హెచ్‌డీఎంఐ సాకెట్టు, మైక్రో ఎస్‌డీ స్లాటు దాని మీదే ఉన్నాయి. విదేశాల్లో పాతిక, ముప్ఫై డాలర్ల వస్తువు. మన దేశంలో రోబోటిక్స్ సామాన్లు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో సిపీడ్ బోర్డులు కనిపిస్తుంటాయి. అక్కడ దొరికితే అక్కడే కొనండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే. కస్టమ్స్ తలనొప్పి ఉండదు.

దీని మీద కమొడోర్ 64, విక్-20, అటారీ ఎస్‌టీ, అమిగా, వీడియో గేమ్ క్యాసెట్ల నింటెండో, వీటికి కోర్లున్నాయి. అటారీ, అమిగా కోర్ల వెనకున్న టిల్ హార్బామ్ ఈ రంగానికి పాతకాపు. 2013లో 'మిస్ట్' అనే బోర్డు తెచ్చింది ఆయనే. కాబట్టి బోర్డు చిన్నదని కోర్లని చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఇబ్బందులు మూడు చోట్ల వస్తాయి. మొదటిది కీబోర్డు. ఈ బోర్డుకి యూఎస్‌బీ కీబోర్డు నేరుగా తగిలించలేరు. పక్కన ఇంకో చిన్న మైక్రోకంట్రోలర్, సిపీడ్ వాళ్ళ ఎం0ఎస్ డాక్ గానీ రాస్ప్‌బెర్రీ పై పికో గానీ పెట్టి, జంపర్ వైర్లతో కలిపి, దానికి కీబోర్డు తగిలించాలి. పిన్నుల వరస తప్పితే తెర మీద బొమ్మ వస్తుంది గానీ కీబోర్డు చచ్చినట్టు పడి ఉంటుంది. చాలామంది బోర్డు పాడైందనుకునేది ఇక్కడే. వైర్లు పీకి, వైరింగ్ పటం పక్కన పెట్టుకుని, ఒక్కో పిన్నుకీ వేలు ఆనించి లెక్కపెట్టుకుంటూ మళ్ళీ గుచ్చండి. రెండోది, మెషీను మార్చాలంటే మామూలుగా ల్యాప్‌టాప్‌కి తగిలించి కొత్త కోర్ ఫ్లాష్ చెయ్యాలి. సాయంత్రం పూట కాసేపు స్పెక్ట్రమ్, కాసేపు అమిగా అనుకునేవాళ్ళకి ఇది విసుగు. మూడోది టీవీ. దీనిలో బొమ్మని మామూలు 1080పీకి మార్చే స్కేలర్ లేదు. పాత మెషీను ఏ వేగంతో, ఎన్ని గీతలతో బొమ్మ ఇస్తుందో దాదాపు అలాగే హెచ్‌డీఎంఐలోకి తోసేస్తుంది. కొన్ని టీవీలు కిమ్మనకుండా తీసుకుంటాయి, కొన్ని మానిటర్లు 'సిగ్నల్ లేదు' అని మొహం మీద తలుపేస్తాయి. కొనేముందు ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకొచ్చి మీ టీవీకి పెట్టి చూడటమే దీనికి మందు.

నరసన్నపేటలో మా పిన్ని కొడుకు ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాడు. "అన్నయ్యా, మిస్టర్ కొందామా ట్యాంగ్ కొందామా?" అన్నాడు (మిస్టర్ సంగతి కింద చెబుతాను). నేను ట్యాంగే అన్నాను, ఆలోచించకుండా. వాడికి కావాల్సింది గేములు కాదు, కాలేజీ ల్యాబులో రాసిన వెరిలాగ్ (సర్క్యూట్లని రాసే భాష) నిజంగా తెర మీద ఏదైనా చేస్తుందా అన్నది. గోవిన్ సాఫ్ట్‌వేర్ ఎడ్యుకేషన్ ఎడిషన్ ఉచితం. చిన్న కోర్ అయితే టీ తాగి వచ్చేసరికి కంపైల్ అయిపోతుంది. ఒక రిజిస్టర్ మార్చి, ఫ్లాష్ చేసి, బోర్డర్ రంగు మారడం చూసుకోవచ్చు. జేఎన్‌టీయూ విజయనగరంలోనో, రాజాంలోనో, ఇంకెక్కడో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా నన్నడిగితే ఇదే చెబుతాను. కాలిపోయినా ఇంట్లో చీవాట్లు పడేంత ఖరీదు కాదు.

మిస్టర్

ఇక అసలు పెద్దది. ఇది బోర్డు పేరు కాదు, ప్రాజెక్టు పేరు. 2017లో సార్జెలిగ్ అనే పేరుతో రాసే అలెక్సీ మెల్నికోవ్ మిస్ట్ కోర్లని టెరాసిక్ కంపెనీ డీఈ10-నానో బోర్డు మీదికి తీసుకురావడంతో మొదలైంది. దానిలో ఇంటెల్ సైక్లోన్ 5 ఎఫ్‌పీజీఏ ఉంటుంది, లక్షా పదివేల లాజిక్ ఎలిమెంట్లు. అదే చిప్పులో రెండు ఏఆర్‌ఎం ప్రాసెసర్లు, బయట ఒక గిగాబైట్ డీడీఆర్3 మెమరీ. ఏఆర్‌ఎం వైపు లినక్స్ నడుస్తుంది; మెనూ, ఎస్‌డీ కార్డు, కీబోర్డు, నెట్ అదే చూసుకుంటుంది. ఎఫ్‌పీజీఏ వైపు మీరు ఎంచుకున్న మెషీనుగా మారిపోతుంది. ఎఫ్12 నొక్కితే మెనూ, బాణం మీటతో ఇంకో కంప్యూటరు, రెండు సెకన్లలో స్పెక్ట్రమ్ పోయి బీబీసీ మైక్రో వస్తుంది. ఈ సుఖం ట్యాంగ్‌లో లేదు.

ఒక గిగాబైట్ మెమరీ ఉండగా మళ్ళీ ఎస్‌డీర్యామ్ మాడ్యూల్ అని వేరే చిన్న ముక్క ఎందుకు కొనమంటారో చాలామందికి అర్థం కాదు, అమ్మేవాడి ఎత్తు అనుకుంటారు. కాదు. ఆ డీడీఆర్3ని లినక్స్ కూడా వాడుకుంటోంది. ఎఫ్‌పీజీఏ ఒక బైట్ అడిగితే ఎప్పుడు చేతికొస్తుందో నమ్మకంగా చెప్పలేం. పాత కంప్యూటర్లకి మెమరీ జవాబు ఠంచనుగా, లెక్కపెట్టిన క్లాకులకి రావాలి. ఆలస్యమైతే ఆ మెషీను ఆ మెషీను కాదు. అందుకే దాని సొంతానికి వేరే మెమరీ. హోమ్ కంప్యూటర్ల వరకే అయితే 32 మెగాబైట్ల మాడ్యూల్ సరిపోతుంది. 128 కావాల్సింది నియో జియో లాంటి ఆర్కేడ్ పెద్ద గేములకి. అమ్మేవాళ్ళు మాత్రం అందరికీ 128 అంటగడతారు.

486 కోర్ ఇక్కడ విచిత్రం. దాని పేరు ఏఓ486, అది డీడీఆర్3 మీదే నడుస్తుంది, మాడ్యూల్ అక్కర్లేదు. డాస్, సౌండ్ బ్లాస్టర్, వీజీఏ అన్నీ వస్తాయి, విండోస్ 3.1 కూడా ఎక్కుతుంది. కంప్యూటర్ సెంటర్ తరానికి మిస్టర్ కొనడానికి ఉన్న గట్టి కారణం ఈ కోరే. వేగం మాత్రం 486 తొలి రోజుల స్థాయి. పెంటియమ్ కాలం త్రీడీ గేములు ఆడదామంటే కుదరదు, వాటికి డాస్‌బాక్సే మేలు.

ఖరీదు సంగతి. డీఈ10-నానో ఒకప్పుడు 130 డాలర్ల బోర్డు. చిప్పుల కొరత ఏళ్ళలో పెరగడం మొదలుపెట్టి 200 దాటింది. దాని మీద మాడ్యూల్, యూఎస్‌బీ హబ్, అదనపు సాకెట్లు ఇచ్చే ఐఓ బోర్డు, ఫ్యాను, డబ్బా. అన్నీ కలిపి చూస్తే మధ్యతరగతి ఇంట్లో అడగడానికి మొహమాటపడే మొత్తం. 2024లో 'మిస్టర్ పై' అనే బోర్డు వంద డాలర్ల లోపు ధరకి వచ్చి ఈ లెక్కని మార్చేసింది. అదే సైక్లోన్ 5, అవే కోర్లు, అదే ఎస్‌డీ కార్డు. ఇవాళ కొత్తగా కొనేవాళ్ళు అసలు టెరాసిక్ బోర్డే కావాలని పట్టుబట్టడానికి నాకు కారణం కనిపించదు. ఒక్క మినహాయింపు: మీరు డీఈ10-నానోని వేరే ప్రాజెక్టులకి, కాలేజీ పనికి కూడా వాడతారు, టెరాసిక్ మాన్యువల్ చూసుకుంటూ పని చేస్తారు అంటే అసలుదే తీసుకోండి.

తెప్పించుకోవడం దగ్గర మన కష్టం వేరు. విదేశీ గైడ్లు ఏదడిగినా 'అలీఎక్స్‌ప్రెస్‌లో కొనుక్కోండి' అంటాయి. అది మన దేశంలో 2020 నవంబరు నుంచి నిషేధం. నేరుగా అమ్మకందారు దగ్గర తెప్పించుకుంటే కొరియర్‌వాళ్ళు ఆధార్ అడుగుతారు, సరుకు విలువకి రవాణా కూడా కలిపి దాని మీద సుంకం, ఐజీఎస్‌టీ వేస్తారు, తమ చార్జీ ఇంకొంత. వెబ్‌సైట్‌లో కనిపించిన ధరని నమ్మి ఇంట్లో మాటివ్వకండి. విడివిడిగా మూడు పార్సిళ్ళు తెప్పించుకుంటే చార్జీలు మూడుసార్లు కట్టాలి, అందుకే మాడ్యూల్, హబ్, డబ్బా అన్నీ ఒకే చోట, ఒకే ఆర్డరులో. మన జిల్లాల్లో ఇంకో దారి ఉండనే ఉంది: సంక్రాంతికో పైడితల్లమ్మ పండక్కో అమెరికా నుంచి వచ్చే బావగారు. ఆయన సూట్‌కేసులో పట్టేది మిస్టర్ పై డబ్బా. పట్టనివాటి గురించి ఇప్పుడు చెబుతాను.

రెడీమేడ్ మెషీన్లు

పలాసలో మా మేనమామకి మిస్టర్ ఫొటో చూపిస్తే, "ఒరే, టీవీకి పెట్టుకునే పెట్టి చూపించరా అంటే ఈ తీగలేటిరా?" అన్నాడు. ఆయన లాంటివాళ్ళ కోసమే ఈ రకం. స్పెక్ట్రమ్ నెక్స్ట్, మెగా65, ఈమధ్య కొత్త కమొడోర్ కంపెనీ తెచ్చిన కమొడోర్ 64 అల్టిమేట్. మూడింటిలోనూ లోపల ఎఫ్‌పీజీఏనే, బయట మాత్రం సొంత కీబోర్డుతో నిండైన కంప్యూటరు.

స్పెక్ట్రమ్ నెక్స్ట్ డబ్బాని గీసింది అసలు స్పెక్ట్రమ్‌ని గీసిన రిక్ డికిన్‌సనే. 2017లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు కట్టినవాళ్ళకి మెషీను చేరడానికి 2020 అయింది. పాత స్పెక్ట్రమ్ 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే ఇది 28 దాకా పోతుంది. మెగా65 బయటికి రాకుండానే ఆగిపోయిన కమొడోర్ 65కి పునర్జన్మ. దానిలో నిజం 3.5 అంగుళాల ఫ్లాపీ డ్రైవు ఉంటుంది, అమ్మకానికి వచ్చినప్పుడు ధర పన్నులు కాకుండా 666 యూరోలు. ఫ్లాపీ డ్రైవంటే మనసు పడేవాళ్ళకి ఒక మాట: మన సముద్రపు గాలికి పాత ఫ్లాపీలు బూజు పట్టేస్తాయి. కొత్తవి దొరకడం గగనం.

ఇవి అందమైన వస్తువులు, కాదనను. బరువుకి తగ్గ రవాణా, ధరకి తగ్గ సుంకం. పాడైతే వెనక్కి జర్మనీకో ఇంగ్లండుకో పంపాలి. ఆ ఒక్క మెషీను మీద మీకు ప్రాణం ఉంటే తప్ప వీటి జోలికి వెళ్ళొద్దనే నా సలహా. మనలో స్పెక్ట్రమ్ మీద ప్రాణం ఉన్నవాళ్ళు ఎంతమంది?

టీవీ సంగతి తేలకుండా ఆర్డరు పెట్టొద్దు

పాత హోమ్ కంప్యూటర్లలో యూరప్‌వి సెకనుకి 50 ఫ్రేములు ఇస్తాయి. స్పెక్ట్రమ్, బీబీసీ, అక్కడి కమొడోర్, అమిగా అన్నీ ఆ లెక్కే. మన దేశపు పాత అనలాగ్ టీవీ ప్రసారం కూడా పాల్ పద్ధతిలోనే, 50 హెర్ట్జ్‌తోనే నడిచేది, కాబట్టి ఇక్కడ అమ్మే టీవీలు ఎక్కువగా 50 హెర్ట్జ్ హెచ్‌డీఎంఐని హాయిగా తీసుకుంటాయి. చిక్కు ఆఫీసు మానిటర్లతో. కొన్ని 60 తప్ప ఒప్పుకోవు. అప్పుడు 50 ఫ్రేముల్ని 60లో సర్దాలి కాబట్టి, బొమ్మ పక్కకి జరిగేటప్పుడు చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి. ఒకసారి కన్ను పడిందంటే ఇక అదే కనిపిస్తుంది. మిస్టర్‌లో సెట్టింగుల ఫైలు తెరిచి 'వీసింక్ అడ్జస్ట్'ని 1 చేస్తే టీవీ వేగాన్ని మెషీను వేగానికి కలుపుతుంది. 2 చేస్తే ఆలస్యం ఇంకా తగ్గుతుంది, కానీ మెషీను వేగం మారినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం పోయి వస్తుంది, కొన్ని టీవీలు అసలు ఒప్పుకోవు. ముందు 2 పెట్టి చూడండి, టీవీ మొరాయిస్తే 1.

అటక మీద పాత డబ్బా టీవీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. దాన్ని పాత సామాన్లవాడికి వెయ్యకండి. యూరప్ గైడ్లన్నీ స్కార్ట్ కేబుల్ గురించి పేజీలు పేజీలు రాస్తాయి. మన టీవీలకి ఆ సాకెట్టే లేదు, చదవడం మానెయ్యండి. వెనక చూడండి. డీవీడీ ప్లేయర్ల కాలంలో కొన్న టీవీ అయితే పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్ల పక్కన ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని ఇంకో మూడు ఉండొచ్చు. అది కాంపోనెంట్ ఇన్‌పుట్. అది ఉంటే మిస్టర్‌కి అనలాగ్ ఐఓ బోర్డు తీసుకుని, దాని వీజీఏ సాకెట్టు నుంచి కాంపోనెంట్‌కి కేబుల్ వేసి, సెట్టింగుల్లో మార్చుకుంటే చాలు. కాంపోనెంట్ లేని టీవీ అయితే ఆ దారిలో అడాప్టర్ల గొడవ పెరుగుతుంది, హెచ్‌డీఎంఐతో సరిపెట్టుకోండి. డబ్బా టీవీ వెనక మూత మాత్రం విప్పొద్దు, స్విచ్చు తీసేసినా లోపల వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

కరెంటు, వేడి, ఉప్పుగాలి

ఇది ఏ విదేశీ గైడులోనూ ఉండదు, మనకి మాత్రం బోర్డు ఎంపికంత ముఖ్యం. డీఈ10-నానో గానీ మిస్టర్ పై గానీ 5 వోల్టుల మీద నడుస్తాయి, 2 ఆంపియర్లకి తగ్గని అడాప్టరు కావాలి. దాని పిన్ను, మన ఇళ్ళలో వైఫై రౌటర్‌ది, చూడటానికి ఒకేలా ఉంటాయి. రౌటర్‌ది చాలాసార్లు 12 వోల్టులు. కరెంటు పోయి వచ్చిన చీకట్లో ఎవరో ఒకరు రౌటర్ అడాప్టరు తీసి బోర్డుకి గుచ్చితే అక్కడితో సరి. బోర్డు అడాప్టరు పిన్ను దగ్గర ఎర్ర టేపు చుట్టండి. ఇంట్లోవాళ్ళకి కూడా చూపించండి.

రౌటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్‌లలో 5 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నవి దొరుకుతాయి. అదొకటి పెట్టుకుంటే ఎండాకాలం కోతలకి నిశ్చింత, ఆంపియర్లు సరిపోతాయో లేదో మాత్రం చూసుకోండి. కరెంటు పోతే ఎఫ్‌పీజీఏ తన రూపం మొత్తం మరిచిపోతుంది, అదేం ప్రమాదం కాదు, మళ్ళీ పెట్టగానే కార్డు నుంచి చదువుకుంటుంది. ప్రమాదం కార్డుకి. సేవ్ రాస్తున్న క్షణంలో పోయిందా, ఆ ఫైలు చెడొచ్చు. తిత్లీ, హుద్‌హుద్ చూసిన ఊళ్ళు మనవి. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్ పీకేసి కార్డు కాపీ ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

రోహిణి కార్తెలో సైక్లోన్ 5 చిప్పు మీద హీట్‌సింక్, ఫ్యాను రెండూ ఉండాల్సిందే. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్ళలో ఉంటే ఫ్యాను ఉప్పుగాలిని కూడా లోపలికి లాగుతుంది. వాడనప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నాలుగు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ముందు దెబ్బతినేది ఎస్‌డీర్యామ్ మాడ్యూల్ కూర్చునే పిన్నుల వరస.

అమర్చుకోవడం

మిస్టర్ అమర్చడం అనుకున్నంత కష్టం కాదు. 'మిస్టర్ ఫ్యూజన్' అనే ఇమేజ్ దించుకుని ల్యాప్‌టాప్‌లో మైక్రో ఎస్‌డీ కార్డుకి రాయండి, కార్డు బోర్డులో పెట్టి పవర్ ఇవ్వండి, అది తనంతట తాను కార్డుని సర్దుకుని మెనూ దాకా వస్తుంది. ఆ తర్వాత నెట్ కావాలి. రౌటర్ నుంచి కేబుల్ లాగగలిగితే అదే నయం. వైఫై డాంగిల్ అన్నీ పనిచెయ్యవు. 'అప్‌డేట్ ఆల్' స్క్రిప్టు నడిపితే కోర్లన్నీ దిగుతాయి. మొబైల్ డేటా హాట్‌స్పాట్ మీద ఈ పని పెట్టుకోవద్దు, ఆ రోజు కోటా అయిపోతుంది.

రోమ్ ఫైళ్ళ (పాత మెషీన్ల చిప్పుల్లో ఉండే సాఫ్ట్‌వేర్ కాపీల) దగ్గర కాస్త నిదానం. స్పెక్ట్రమ్ రోమ్‌లని ఎమ్యులేటర్లతో పంచుకోవడానికి హక్కుదారు ఆమ్‌స్ట్రాడ్ ఎప్పుడో అనుమతిచ్చింది. అటారీ ఎస్‌టీకి ఎమూటాస్ అనే ఉచిత ప్రత్యామ్నాయం ఉంది. అమిగా రోమ్, దాని పేరు కిక్‌స్టార్ట్, మాత్రం ఇప్పటికీ అమ్మకంలో ఉన్న సరుకు, కొనుక్కోవాలి.

మరి ఎవరికి ఏది?

ఇంజినీరింగ్ పిల్లలకి, వెరిలాగ్ నేర్చుకునేవాళ్ళకి ట్యాంగ్ నానో 20కే, రెండో మాట లేదు. కమొడోరో అమిగానో ఒక్కటే చాలు, టంకం పెట్టడం వచ్చు అనేవాళ్ళకీ అదే. డాస్, బీబీసీ, వీడియో గేమ్ అన్నీ ఒకే డబ్బాలో కావాలంటే మిస్టర్ పై, 32 మెగాబైట్ల మాడ్యూల్, ఫ్యాను. డబ్బా టీవీకి కాంపోనెంట్ ఉంటేనే అనలాగ్ ఐఓ బోర్డు. బీబీసీ మైక్రో మీద చదువుకున్న మాస్టారికి పిల్లలు కానుక ఇద్దామనుకుంటే కూడా ఇదే; కార్డులో ఆ కోర్ నేరుగా తెరుచుకునేలా పెట్టి ఇవ్వండి, ఆయన్ని మెనూల్లో తిప్పొద్దు. పిల్లలు సెలవుల్లో గేములాడుకోవాలంతే అంటే ఏదీ వద్దు, ల్యాప్‌టాప్ చాలు.

సెకండ్ హ్యాండ్ గురించి ఒకటి చెప్పాలి. ఫైనలియర్ ప్రాజెక్టు అయిపోయాక డీఈ10-నానోలు అమ్మకానికి వస్తుంటాయి, విశాఖ వైపు ఎక్కువ. చూడటానికి వెళ్ళేటప్పుడు మిస్టర్ ఎక్కించిన కార్డు, అడాప్టరు, కీబోర్డు మీవే తీసుకెళ్ళండి. ముందు ఏఓ486 తెరవండి. డాస్ ప్రాంప్టు వస్తే బోర్డు, డీడీఆర్3 బతికే ఉన్నాయి. తర్వాత మెమ్‌టెస్ట్ కోర్ తెరిచి ఆటో మోడ్‌లో వదిలెయ్యండి. పెద్ద మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, తప్పు వచ్చినప్పుడల్లా ఒక మెట్టు దిగుతుంది. పది నిమిషాలు కూర్చోండి, అమ్మేవాళ్ళు తొందరపెట్టినా లేవకండి. 130 దగ్గరో ఆ పైనో తప్పుల లెక్క సున్నాగా నిలబడితే మాడ్యూల్ బాగున్నట్టే. ఇంకా కిందికి జారిపోతుంటే మాడ్యూల్ తీసి, పిన్నులు మెత్తని బ్రష్‌తో తుడిచి, గట్టిగా నొక్కి కూర్చోబెట్టి మళ్ళీ చూడండి. అప్పటికీ జారితే మాడ్యూల్ వాళ్ళకే వదిలేసి, బోర్డు ఒక్కదానికే బేరమాడండి.